లెక్కల మాస్టారి జవాబులు: మార్కులు కోశారు మాస్టారూ!

ఎఫ్‌ఏ-1 (బడిలో ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో మొదటిది) మార్కులు ఇళ్లకు చేరినట్టున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాటి గురించే. అన్నిటికీ జవాబు చెప్పాలంటే పత్రిక చాలదు, నా ఓపికా చాలదు. నాలుగు తీసుకున్నాను. దస్తూరి అర్థంకాక రెండు పక్కన పెట్టాను, ఏమీ అనుకోవద్దు. బోర్డు మీద నా రాత చూసిన నా పాత విద్యార్థులు ఈ మాట చదివితే నవ్వుకుంటారు, నవ్వుకోనీండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను దగ్గర కూర్చుని లెక్కల హోంవర్కు చేయిస్తాను. నాకు రానివి వాళ్ల నాన్న మిర్చి యార్డు నుంచి వచ్చాక చేయిస్తారు. ఆదివారం మా చెల్లెలు వచ్చి మిగిలినవి చేయిస్తుంది. నోట్సు నిండా 'వెరీ గుడ్'లే. అయినా స్లిప్ టెస్టులో 20కి 7. అందులో ఒక లెక్కకు జవాబు సరిగ్గా వచ్చినా 4 మార్కులకు 1 వేశారు. అడిగితే స్టెప్పులు లేవన్నారు. పైగా సాయంత్రం తన దగ్గరికే ట్యూషన్‌కి పంపమన్నారు. జవాబు కరెక్టయినప్పుడు మార్కులు కోయడం న్యాయమేనా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'చేయిస్తాను', 'చేయిస్తారు', 'చేయిస్తుంది' అని మూడుచోట్ల రాశారు. 'చేస్తాడు' అని ఒక్కచోట కూడా లేదు. 20కి 7 ఎందుకొచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది.

మీరు పక్కన కూర్చుని "ఆ ఏడుని అటు పంపించు, గుర్తు మార్చు" అంటారు. వాడు పంపిస్తాడు. "ఇప్పుడు మూడుతో భాగించు" అంటారు. భాగిస్తాడు. చెయ్యి వాడిది, లెక్క మీది. మర్నాడు టీచరు టిక్కు కొట్టి 'వెరీ గుడ్' రాస్తారు. ఆ వెరీ గుడ్ న్యాయంగా మీకు, మీ ఆయనకు, మీ చెల్లెలికి రావాల్సింది. టెస్టులో మీరు ముగ్గురూ ఉండరు కదా.

నేను సర్కారు బడిలో మార్కులు వేసిన రోజుల్లో ఎఫ్‌ఏ యాభై మార్కులు. స్లిప్ టెస్టుకి 20, క్లాసులో పాల్గొన్నందుకు 10, రాతపనికి 10, ప్రాజెక్టుకి 10. నోట్సు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ రాతపని పది దగ్గరే ఆగిపోతుంది. మీ వాడి స్కూల్లో పద్ధతి వేరేగా ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. ఏ పద్ధతైనా ఇంట్లో నలుగురు కలిసి చేసిన పనికి వచ్చిన మార్కు, వాడొక్కడే కూర్చుని రాసినదానికి వచ్చిన మార్కు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయంటే, నమ్మాల్సింది రెండోదాన్నే.

ఇవాళ్టి నుంచి ఇలా చేసి చూడండి. హోంవర్కు భోజనాలయ్యాక వద్దు, నిద్రమత్తులో ఎవరికీ లెక్కలు రావు. స్కూలు నుంచి వచ్చి ఏదో ఒకటి తిన్నాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. మీరు వంటింట్లో ఉండండి. పిలిచినా వెంటనే వెళ్లకండి. వెళ్లినా "ఎంతవరకు వచ్చింది, చదివి వినిపించు" అని మాత్రం అడగండి. సగం పిల్లలకు గట్టిగా చదివేటప్పుడే తప్పు దొరికిపోతుంది. దొరక్కపోతే వదిలేయండి. ఆగిన చోట పెన్సిల్‌తో "ఇక్కడ ఆగిపోయాడు" అని రాసి సంతకం పెట్టండి. ఆ ఒక్క వాక్యం టీచరుకి మీ వెరీ గుడ్‌లన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ఒక వారం పాటు నోట్సులో ఇంటు మార్కులు, కొట్టివేతలు కనిపిస్తాయి. రబ్బరుతో చెరపనివ్వకండి, వైట్‌నర్ అసలే వద్దు. ఒక్క గీతతో కొట్టేసి కింద మళ్లీ రాయమనండి. నేను నోట్సు చూసేటప్పుడు ముందు చూసేది కొట్టివేతల్నే. కొట్టివేత లేని లెక్కల నోట్సు కనిపిస్తే నాకు అనుమానం వచ్చేది.

ఇక నాలుగుకి ఒకటి సంగతి. మీ ఆయన యార్డులో ఉంటారన్నారు కాబట్టి ఆయనకు అర్థమయ్యే మాటలో చెబుతాను. రైతు పన్నెండు టిక్కీల (బస్తాల) మిరపకాయ తెచ్చి అమ్మాడనుకోండి. పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, బరువు ఎంత, క్వింటాలు రేటెంత, కమీషనెంత, హమాలీ ఎంత, కాటా కూలి ఎంత, చేతికి వచ్చేదెంత అన్నీ రాయకుండా చివరి అంకె ఒక్కటే రాసిస్తే ఆ రైతు ఊరుకుంటాడా? అంకె పైసలతో సహా కరెక్టే కావచ్చు. అయినా "ఇదెట్లా వచ్చింది?" అని గుమాస్తాను నిలదీస్తాడు. టీచరు అడిగిందీ ఆ పట్టీయే. నాలుగు మార్కుల లెక్కలో మామూలుగా సమీకరణం రాసినందుకు ఒకటి, సాధించిన మెట్లకు రెండు, జవాబుకి ఒకటి అని వేసుకుంటాం. మీ వాడికి ఆ ఆఖరిది పడింది.

అయితే మీ వాడి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. 'ఒక సంఖ్యకు మూడు రెట్లు చేసి 7 కలిపితే 22, ఆ సంఖ్య ఎంత?' అంటే ఏడో తరగతి పిల్లవాడు మనసులోనే 5 అనేస్తాడు. అది తప్పు కాదు, తెలివే. మార్కులు కోసి ఊరుకుంటే వాడికి అర్థమయ్యేది 'తెలివిగా చేస్తే మార్కులు పోతాయి' అని మాత్రమే. నేనైతే 22 తీసేసి 20 పెట్టి మళ్లీ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు జవాబు 13/3. మనసులో తడుముకుంటే దొరకదు. అప్పుడు వాడే కాగితం తీసుకుని 3x + 7 = 20 అని మొదలుపెడతాడు. మెట్లు ఎందుకు కావాలో తిట్టకుండానే తెలిసొస్తుంది. ఇంకో సంగతి, మెట్టుకు ఇన్ని మార్కులని టెస్టుకు ముందే పిల్లలకు చెప్పి ఉండాలి. చెప్పకుండా కోస్తే అది టీచరు తప్పే. మీటింగుకి వెళ్లినప్పుడు "న్యాయమేనా" అని అడగకండి, "దేనికెన్ని మార్కులో పిల్లలకు ముందే చెప్పారా?" అని అడగండి.

ట్యూషన్ సంగతి సూటిగా చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటుగా ట్యూషన్లు చెప్పకూడదు. మార్కులు వేసే చెయ్యే ట్యూషన్ ఫీజు తీసుకుంటే ఆ మార్కుకి విలువేముంటుంది? పంపొద్దు.

ప్రశ్న: మాస్టారూ, నేను విజయవాడలో ఒక స్కూల్లో ఈ ఏడాదే చేరాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు. సెక్షనుకి 44 మంది, మూడు సెక్షన్లు. రోజూ పది లెక్కలు హోంవర్కు ఇవ్వాలి, ప్రతి పేజీలో ఎర్ర టిక్కు కనిపించాలి అని మేనేజ్‌మెంట్ వాళ్ల ఆర్డరు. రాత్రి పన్నెండు దాటినా దిద్దడం అవడం లేదు. హోంవర్కు తేనివాళ్లకు సున్నా వేస్తున్నాను, అయినా తేవడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక కొత్త టీచరు, పటమట

జవాబు: మీరు నన్ను మాస్టారూ అన్నారు, మీరూ మాస్టారే కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. మాస్టారూ, ముందు మన లెక్క మనం వేసుకుందాం. 44 మూళ్లు 132 నోట్సులు. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలనుకున్నా 264 నిమిషాలు. నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు! ఇది రోజూ చేయగలిగిన మనిషి లేడు. చేస్తున్నానని అనేవాళ్లు లెక్క చూడటం లేదు, పేజీ తిప్పుతూ గీత గీస్తున్నారు. ఆ గీత పిల్లలకు కూడా తెలుసు. నా క్లాసులో ఒకడు లెక్క మధ్యలో ఇడ్లీ, గారె, ఉప్మా అని టిఫిన్ల పేర్లు రాసి పెట్టాడు, నేను చూస్తానా లేదా అని. టిక్కు కొట్టేశాను. ఆ మధ్యాహ్నమంతా స్టాఫ్ రూములో నన్ను 'ఇడ్లీ మాస్టారు' అన్నారు.

పది లెక్కలు తగ్గించండి. 2020లో కేంద్రం స్కూలు బ్యాగ్ పాలసీ ఇచ్చినప్పుడు బరువుతో పాటు హోంవర్కు గురించీ చెప్పింది. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట మించొద్దు అని. గంటంటే మన లెక్కలకొక్కదానికే కాదు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సైన్సు, సోషలు అన్నీ కలిపి. ఆరుగురం పంచుకుంటే మన వాటా పది నిమిషాలు, మహా అయితే పదిహేను. మూడు కొత్త లెక్కలు, పోయిన నెల పాఠంలోంచి ఒకటి. నాలుగు చాలు. ఆ పాతది మాత్రం మానకండి. మిగతా మూడూ నిన్నటి పాఠం వేడి మీద ఎవరైనా చేస్తారు.

దిద్దడానికి నేను చాలా ఏళ్లు పాటించిన పద్ధతి చెబుతాను. పీరియడ్ మొదట్లోనే నాలుగింటి జవాబులూ బోర్డు మీద రాసేయండి. పిల్లలే పెన్సిల్‌తో టిక్కో ఇంటో పెట్టుకుంటారు. ఈలోగా మీరు బెంచీల మధ్య తిరుగుతూ ఉండండి. "రెండో లెక్క తప్పినవాళ్లు చేతులెత్తండి" అనండి. ముప్ఫై చేతులు లేస్తే ఆరోజు కొత్త పాఠం ఆపి దాన్నే చెప్పండి. నాలుగు చేతులు లేస్తే ఆ నలుగురి పక్కనా లెక్క వచ్చినవాళ్లని ఒక్కొక్కరిని కూర్చోబెట్టండి. నోట్సులు మాత్రం సెక్షనుకి 11 చొప్పున రోజూ తీసుకోండి, నాలుగు రోజులకు 44 మందీ అయిపోతారు. రోజుకు 33 నోట్సులు, 66 నిమిషాలు. అందులో ఒక్కో పిల్లవాడి ఒక్క లెక్క మొదటి మెట్టు నుంచి చివరిదాకా చదివి, తప్పిన మెట్టు కింద గీత గీయండి. జవాబు మీరు రాయకండి. ఎర్ర టిక్కులు కావాలనే మేనేజ్‌మెంటుకి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించండి. అన్ని చోట్లా వింటారని చెప్పలేను. నేను పనిచేసిన చోట ఒకరు విన్నారు, ఇద్దరు వినలేదు.

ఇప్పుడు మీ సున్నా. ఒక అమ్మాయికి నాలుగు హోంవర్కుల్లో 9, 8, 9 వచ్చి ఒక రోజు తేలేదని గుండుసున్నా వేశారనుకోండి. మొత్తం 26, సగటు ఆరున్నర. తెచ్చిన మూడింటి సగటు ఎనిమిదిన్నర పైనే. ఆ ఆరున్నర ఏం చెబుతోంది? ఆ అమ్మాయికి లెక్కలు ఓ మాదిరిగా వచ్చని. అది అబద్ధం. లెక్కలు బాగా వచ్చు, ఒకరోజు నోట్సు తేలేదు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. రెండిటినీ ఒకే అంకెలో కుక్కితే ఇంట్లోవాళ్లకు ఏదీ తెలియదు. తేని రోజుల్ని పక్కన వేరే గడిలో రాసి పెట్టుకోండి, మార్కుల్లో కలపకండి. రెండు రోజుల గడువిచ్చి తెప్పించుకుని దిద్దండి.

సున్నా గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేనూ వేశాను. గుంటూరు పక్కన ఒక పల్లెలో పనిచేస్తున్నప్పుడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఫిబ్రవరి అంతా హోంవర్కు సగమే తెచ్చేది. సున్నాలు వేశాను, రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబెట్టాను. ఒకరోజు ఆ నోట్సు తెరిచేసరికి ఆగకుండా తుమ్ములు. తర్వాత కళ్లు నలుపుకున్నానేమో, మంట. అప్పుడు పేజీలు చూస్తే అంచుల నిండా ఎర్రటి వేలిముద్రలు. బడి అవగానే తల్లితో కూర్చుని రాత్రిదాకా మిరపకాయల తొడిమలు తీస్తోంది. కిలోకి ఇంతని కూలి. ఆ చేతులతోనే, ఆ దీపం కిందే రాసినంత రాసింది. నేను వేసిన సున్నాలు ఎర్ర ఇంకువి, ఆ పక్కన ఆ ముద్రలు. కొత్త నోట్సు కొనిచ్చాను, అదేమంత గొప్ప పని కాదు. అసలు పని ఇంకోటి చేశాను. ఆ సీజను అయిపోయేదాకా పీరియడ్‌లో చివరి పది నిమిషాలు క్లాసులోనే హోంవర్కు మొదలుపెట్టించాను. ఆ పిల్ల రెండు లెక్కలు అక్కడే ముగించుకుని వెళ్లేది. మీ 132 మందిలో తేనివాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరినీ విడిగా, మిగతావాళ్లు వినకుండా "ఇంట్లో ఏ టైముకి కూర్చుంటున్నావు?" అని అడగండి. కొందరు బద్ధకస్తులే ఉంటారు, నేను కాదనను. వాళ్లకూ ఆ పది నిమిషాలే మందు.

ప్రశ్న: మా మనవరాలు ఆరో తరగతి. లెక్కలన్నీ రైటే, కానీ మార్జిన్ కొట్టలేదని, జవాబు కింద రెండు గీతలు లేవని 25కి 21 వేశారు. ఇదేం చోద్యం?
— ఒక తాతగారు, భవానీపురం, విజయవాడ

జవాబు: చోద్యమే. మార్జిన్ మంచి అలవాటు, నేనూ కొట్టించాను. కానీ అది లెక్క కాదు. నీటుగా రాయడానికి మార్కులు పెట్టదలిస్తే ప్రశ్నపత్రం మీదే "నీటుకి 2 మార్కులు" అని అచ్చు వేయాలి, అంతేగానీ భిన్నాల మార్కుల్లోంచి లాక్కోకూడదు. అయినా తాతగారూ, ఆరో తరగతిలో 25కి 21 మీద యుద్ధానికి వెళ్లకండి. పాపకో మంచి స్కేలు కొనివ్వండి, చాలు.

ప్రశ్న: మాస్టారుగారికి నమస్కారం. నేను ఎనిమిదో తరగతి. టెస్టులో 1/2 + 1/3 = 2/5 అని రాశాను. తప్పని కొట్టేసి 5/6 అని 20 సార్లు ఇంపోజిషన్ రాయమన్నారు. రాశాను. కానీ నాకో డౌటు. మా ప్రోగ్రెస్ కార్డులో స్లిప్ టెస్టు 20కి 15, ప్రాజెక్టు 10కి 8, మొత్తం 30కి 23 అని వేశారు. అక్కడ పైవి పైన, కిందవి కింద కలిపారు కదా! వాళ్లు చేస్తే రైటు, నేను చేస్తే తప్పా? ఈ మాట క్లాసులో అడగడానికి భయమేసింది.
— ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నీదే గొప్పది. ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ప్రశ్న నన్ను ఒక్కరే అడిగారు. ఆ రోజు నాకు వెంటనే జవాబు తోచలేదు. "రేపు చెబుతా" అని తప్పించుకుని రాత్రి ఆలోచించాను. కాబట్టి అడగడానికి భయపడినందుకు సిగ్గుపడకు. క్లాసులో పాల్గొన్నందుకు పది మార్కులంటారే, ఆ పదీ నీకే ఇచ్చేవాణ్ణి.

నువ్వు 1/2 + 1/3 అన్నప్పుడు రెండూ ఒకే వస్తువులోని ముక్కలు. ఒక పూతరేకు తీసుకో. సగం తిన్నావు, తర్వాత అదే పూతరేకులో మూడో వంతు తిన్నావు. 2/5 అంటే సగం కంటే తక్కువ! సగం తిన్నాక ఇంకా తిన్నావు, మొత్తం సగం కంటే తగ్గిందా? ఇది చాలు, 2/5 తప్పని నీకు నువ్వే చెప్పుకోవచ్చు. ఆరు ముక్కలు చేస్తే సగం అంటే మూడు, మూడో వంతంటే రెండు, కలిపితే ఐదు ముక్కలు. అందుకే 5/6.

ప్రోగ్రెస్ కార్డులో వేరే సంగతి జరిగింది. 20కి 15, 10కి 8 ఒకే పూతరేకులోని ముక్కలు కావు. అవి రెండు వేర్వేరు పళ్లేలు. ఒక పళ్లెంలో 20 గారెలుంటే 15 నీవి, ఇంకో దాంట్లో 10 ఉంటే 8 నీవి. రెండు పళ్లేలూ ఒకచోట కుమ్మరిస్తే 30లో 23 నీవి. అక్కడ కిందవి కలపడమే న్యాయం, ఎందుకంటే మొత్తం గారెలే పెరిగాయి. గమనించు, 20కి 15 అంటే నూటికి 75, 10కి 8 అంటే నూటికి 80. 30కి 23 అంటే దాదాపు 77, రెండిటికీ మధ్యలో పడింది. కూడిక అయితే రెండిటికంటే పెద్దది రావాలి కదా? మధ్యలో పడిందంటే అది భిన్నాల కూడిక కాదు, ఒకరకం సగటు. గుర్తు ఒకేలా ఉంటుంది, అర్థం వేరు. మేం పెద్దవాళ్లం 15/20 అని గీత గీసి రాసి, పిల్లల్ని గందరగోళంలో పడేస్తాం.

ఇంపోజిషన్ సంగతి. 5/6 అని ఇరవై సార్లు రాస్తే 5/6 అని రాయడం వస్తుంది. ఎందుకో రాదు, చూశావుగా, ఇరవై సార్లు రాశాక కూడా డౌటు అలాగే మిగిలింది. ఈ కాగితం కత్తిరించి మీ సారుకి చూపించు. కోప్పడరు. నాలాగే ఆయనా "రేపు చెబుతా" అనొచ్చు, అప్పుడు నవ్వకు.

ఇప్పుడు నీకో ప్రశ్న. ఇద్దరు స్నేహితులు రెండు పాఠాల్లో అభ్యాసం చేశారు. భిన్నాల్లో మొదటి అమ్మాయి 10 లెక్కలు చేస్తే 9 రైటు, రెండో అమ్మాయి 40 చేస్తే 34 రైటు. సమీకరణాల్లో మొదటి అమ్మాయి 40 చేస్తే 24 రైటు, రెండో అమ్మాయి 10 చేస్తే 5 రైటు. శాతాలు వేసి చూడు, రెండు పాఠాల్లోనూ మొదటి అమ్మాయిదే పైచేయి. ఇప్పుడు ప్రోగ్రెస్ కార్డు పద్ధతిలో పైవి పైన, కిందవి కింద కలుపు. మొదటి అమ్మాయికి 50కి 33, రెండో అమ్మాయికి 50కి 39. ఫస్టు ర్యాంకు ఎవరికివ్వాలి, ఎందుకు? జవాబు రాసి పంపు. ఇరవై సార్లు వద్దు, ఒక్కసారి చాలు.